తిరుపతి గుట్టల్లో నాలుగు రోజులు: తాడుతో పాటు సంచిలో ఉండాల్సినవి

ముందు రోజు: తిరుపతి

బండలెక్కడానికి బయల్దేరేవాళ్ళు తాడు, హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు), హెల్మెట్, బూట్లు, బిలే పరికరం (ఎక్కేవాడి తాడును కిందనున్నవాడు పట్టి ఆపేది) ఎలాగూ మర్చిపోరు. ప్రయాణం పాడయ్యేది చిన్న సామాను దగ్గర. అంచు మీద వేయడానికి గట్టి గుడ్డ ఉండదు, తాడు పైపొర చిరిగిపోతుంది. రెండంగుళాల ప్లాస్టర్ ఉండదు, ఒక్క వేలి చర్మం లేచిపోయి మిగతా రోజులన్నీ కింద కూర్చోవాల్సి వస్తుంది. నీళ్ళు చాలవు, పదకొండింటికే తల తిరుగుతుంది. తాడు వేయడం, బిలే ఇవ్వడం ఇదివరకే నేర్చుకున్నవాళ్ళు ఈ వైపు వస్తే, అసలు సామానుకు తోడుగా ఏం తెచ్చుకోవాలో, ఏది ఎక్కడ పనికొస్తుందో రోజువారీగా చెబుతాం. ఇంకా నేర్చుకోనివాళ్ళు నేర్చినవాళ్ళతోనే రావాలి.

సంచి సర్దే ముందు రాయి తెలియాలి. ఇక్కడ రెండు రకాలున్నాయి. శేషాచలం, నగరి కొండల పైభాగంలో నిలువుగా తెగినట్టు కనిపించేది క్వార్ట్జైట్. చంద్రగిరి నుంచి పాకాల, పూతలపట్టు మీదుగా చిత్తూరు దాకా, అటు పీలేరు దాటి మదనపల్లె దాకా దారి పొడుగునా కనబడే బండల గుట్టలు గ్రానైట్. మనం తాడు వేసేది గ్రానైట్ మీదే. తిరుమల కొండల మీద ఎక్కే ఆలోచనే పెట్టుకోకూడదు. అది స్వామి కొండ, పైగా 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం దొంగల కోసం కాపలా ఉండే ఆ అడవిలో తాళ్ళు, సంచులు మోసుకుంటూ అనుమతి లేకుండా కనబడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఏ గుట్టయినా అటవీ హద్దులో ఉందనిపిస్తే ముందు అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, దాని నకలు ఒకటి సంచిలో, ఇంకొకటి ఫోనులో పెట్టుకోండి. ఆధార్ నకలు కూడా.

కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. మార్చి దాటితే బండ మీద చెయ్యి పెట్టలేం. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. ఆ మధ్యలో వైకుంఠ ఏకాదశి వస్తుంది, అప్పుడు తిరుపతిలో గది దొరకడం చాలా కష్టం. తేదీలు చూసుకునే టికెట్లు తీసుకోండి.

తాళ్ళు, క్యారబినర్లు (తాడు తగిలించే, గేటున్న లోహపు కొక్కేలు), చేతి చెమటకు పూసుకునే సుద్దపొడి లాంటివి తిరుపతి బజారులో దొరుకుతాయని నమ్ముకోవద్దు. అవన్నీ ఇంటి దగ్గరి నుంచే తేవాలి. ఇక్కడ కొనాల్సినవి వేరే ఉన్నాయి. మెడికల్ షాపులో రెండంగుళాల జింక్ ఆక్సైడ్ ప్లాస్టర్ మనిషికి ఒక చుట్ట, క్రేప్ బ్యాండేజీలు రెండు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మనిషికి రోజుకు రెండు చొప్పున, సెట్రిజిన్ మాత్రలు ఒక స్ట్రిప్, చిన్న సీసా పోవిడోన్ అయోడిన్. హార్డ్‌వేర్ కొట్లో 3 మీటర్లకు 3 మీటర్ల టార్పాలిన్ పట్టా, మూడు మిల్లీమీటర్ల సన్నతాడు పది మీటర్లు. ఆ సన్నతాడు గుడ్డలు కట్టడానికే, మనిషి బరువుకు ఎప్పుడూ వాడకూడదు. ఫ్యాన్సీ షాపులో గోళ్ళు కత్తిరించేది, గోళ్ళు రాకే ఆకురాయి, పట్కారు, గట్టి నైలాన్ పళ్ళ బ్రష్షులు రెండు. ఇంట్లో పడేయబోయే జీన్సు ప్యాంట్లు ఒకటో రెండో తెస్తే అవే అంచు గుడ్డలవుతాయి. పాత ఫైరింజన్ గొట్టం ముక్క దొరికితే ఇంకా మేలు.

అందరూ తేలిగ్గా తీసుకునే జాగ్రత్త ఒకటుంది. కారు డిక్కీలోనో ఆటో వెనకో తాడు పెట్టేటప్పుడు అక్కడ బ్యాటరీ గాని, బ్యాటరీ నీళ్ళ డబ్బా గాని ఉందేమో చూడండి. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది. మరక కూడా కనబడకపోవచ్చు. యాసిడ్ తగిలిందని అనుమానం వచ్చిన తాడును ఇక ఎక్కడానికి వాడకూడదు. తాడుకు వేరే సంచి ఉండాలి, అది సీటు మీదే ప్రయాణం చెయ్యాలి. దోమల మందు సీసా మూత బిగించి విడిగా పెట్టండి, కొన్ని దోమల మందులు హెల్మెట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి.

మొదటి రోజు: చంద్రగిరి వైపు బండలు

జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక వస్తాడు, సాయంత్రం ఆరుకల్లా దిగిపోతాడు. నాలుగున్నరకు లేచి, ఐదున్నరకు తిరుపతి వదిలితే తెల్లవారేసరికి బండ కింద ఉంటాం. చంద్రగిరి పదిహేను కిలోమీటర్ల లోపే, బస్సులు తరచుగా ఉంటాయి. ఈ తెల్లవారుజాము నడక కోసమే హెడ్‌లైట్. మనిషికొకటి, దానికి మరో జత సెల్స్. సాయంత్రం దిగడం ఆలస్యమైతే అందరి మధ్యా ఒకే లైటు ఉండడమంత ఇబ్బంది ఇంకోటి లేదు. ముందు దిగినవాడి తల మీద లైటు ఉంటుంది, పైనున్నవాడికి ముడి కనబడదు.

నలుగురు మనుషులైతే చంద్రగిరిలో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఒకటి కొని బండ కింద పెట్టుకోండి. తలా ఐదు లీటర్లు, ఎండలో రోజంతా ఉండేవాళ్ళకు అది ఎక్కువేమీ కాదు. పైకి తీసుకెళ్ళడానికి ఒక్కొక్కరికి లీటరు సీసా. ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. సగం ప్యాకెట్ సీసాలో వేసి, మిగతాది రేపటికి దాచడం, రుచి కోసం తక్కువ నీళ్ళలో చిక్కగా కలపడం రెండూ తప్పే. చిక్కగా కలిపితే అందులో ఉప్పు మోతాదు మించుతుంది. తినడానికి పులిహోర, చిక్కీ, వేయించిన శెనక్కాయలు, అరటిపళ్ళు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది, బండల దగ్గరికి వద్దు. మూత బిగిసే స్టీలు డబ్బాలే మంచివి. చంద్రగిరి కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే చాలు దిగొస్తాయి.

ఏ గుట్టయినా ఎక్కే ముందు ఊళ్ళో అడగాలి. పొలానికి పోతున్న పెద్దాయన కనబడితే ఆగి, "అయ్యా, ఈ గుట్ట మింద గుడేమన్నా ఉందా? ఇది ఎవరిదండీ?" అని అడిగితే ఐదు నిమిషాల్లో అన్నీ తెలుస్తాయి: ఏ బండకు పూజ చేస్తారు, ఎక్కడ తేనెపట్టు ఉంది, ఏ పక్క క్వారీ వాళ్ళది. పసుపు, కుంకుమ పూసిన రాయి మీద కాలు పెట్టవద్దు. పక్కన క్వారీ ఉంటే ఆ బండల మీద తాడు అసలు వేయవద్దు. పేలుడు దెబ్బకు లోపల చీలికలు వచ్చి ఉంటాయి, పైకి గట్టిగానే కనబడుతుంది. చంద్రగిరి కోట కొండ కూడా ఎక్కడానికి కాదు, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. బోల్టులు కొట్టిన రూట్లు ఉంటాయని ఎక్కడికీ రావద్దు, కొట్టడానికీ రావద్దు. పైకి నడిచి వెళ్ళి, చెట్టుకో బండకో యాంకర్ (తాడు బరువును ఆపే కట్టు) కట్టి, టాప్ రోప్ (పైనుంచి వేలాడే తాడు) వేసుకునే పద్ధతి ఇక్కడికి సరిపోతుంది.

ఈ పద్ధతికి అదనపు సామానులో మొదటిది స్టాటిక్ (పెద్దగా సాగని) తాడు: 10.5 లేదా 11 మిల్లీమీటర్లది, 30 మీటర్లు. ఇంత పొడవు ఎందుకని చాలామంది 15 మీటర్లది తెస్తారు, తీరా పైకి వెళ్ళాక చాలదు. లెక్క చూడండి. ఒక ఆధారం అంచుకు 8 మీటర్ల వెనక, రెండోది 6 మీటర్ల వెనక ఉందనుకుందాం. అంచు నుంచి ఆ రెండు ఆధారాలకూ పోయే తాడు పాయలే కాళ్ళు, ఆ రెండు కాళ్ళకే 14 మీటర్లు. చెట్టునూ బండనూ చుట్టడానికి 6, ముడులకు 3, అంచు దాటి కిందికి వేలాడడానికి ఒక్కో కాలికి మీటరున్నర చొప్పున 3. మొత్తం 26. గ్రానైట్ బండల పైభాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి గట్టి ఆధారం అంచు దగ్గర దొరకదు, ఎప్పుడూ వెనకే ఉంటుంది. రెండు కాళ్ళ మధ్య కోణం 60 డిగ్రీలకు మించనివ్వకండి. 60 దగ్గర ఒక్కో కాలి మీద బరువులో సుమారు 58 శాతం పడుతుంది. 90 దగ్గర 71 శాతం. 120కి వచ్చేసరికి రెండు కాళ్ళూ చెరో పూర్తి బరువు మోస్తాయి, అంటే రెండు ఆధారాలు పెట్టి లాభం లేనట్టే.

ఆధారం ఎంచుకోవడంలో ఇక్కడ ఒక మోసం ఉంది. బండ నెర్రెల్లో రావి, జువ్వి మొక్కలు పెరిగి, తొడంత లావు కాండంతో పచ్చగా కనబడతాయి. వాటి వేళ్ళు మట్టిలోకి దిగవు, పగులులోనే పాకుతాయి. లాగితే పగులుతో సహా ఊడొస్తాయి. మట్టి నేలలో నాటుకున్న, పచ్చగా బతికున్న, కనీసం ఒక జాన మందం ఉన్న చెట్టునే నమ్మాలి. తాడును చెట్టు మొదట్లోనే కట్టాలి, పైకి జరిగేకొద్దీ చెట్టు వంగుతుంది. బండను ఎంచుకుంటే కారంత పరిమాణం ఉండాలి, కిందికి వాలిన నేల మీద ఉండకూడదు, ముగ్గురు కలిసి నెట్టినా కదలకూడదు. గ్రానైట్ ఎండకూ చలికీ పొరలు పొరలుగా లేస్తుంది. అరచేత్తో కొట్టి వినండి. ఖాళీ కుండలా మోగిన పొరకు తాడు చుట్టవద్దు, దాని మీద నిలబడవద్దు.

ఇక అంచు గుడ్డ. జీన్సు కాలును నాలుగు మడతలు వేసి, రెండు మూలలకు చిల్లులు పెట్టి, ఆ మూడు మిల్లీమీటర్ల సన్నతాడుతో స్టాటిక్ తాడుకే ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టేది) వేసి కట్టాలి. ఊరికే కింద పరిస్తే పావుగంటలో జారిపోతుంది. బరువు పడిన తాడు అంచు మీద ఎడమకూ కుడికీ జరిగినప్పుడే ఎక్కువ కోసుకుంటుంది, పైకీ కిందికీ లాగినప్పుడు అంత కాదు. కాబట్టి గుడ్డ వెడల్పుగా, అటూ ఇటూ అర మీటరు మిగిలేలా ఉండాలి. ఇంకొకటి: క్లైంబింగ్ తాడు తగిలించే క్యారబినర్లు అంచు దాటి కిందికి వేలాడాలి. అవి అంచు మీద కూర్చుంటే, కదిలే తాడు ప్రతిసారీ రాయిని రాసుకుంటూ పోతుంది. లాక్ ఉన్న క్యారబినర్లు రెండు, గేట్లు ఎదురెదురుగా ఉండేలా పెట్టండి. అంచు దగ్గర ఈ పని చేసేవాడు తానూ ఒక స్లింగ్‌తో (ఉంగరంలా కుట్టిన పట్టీతో) యాంకర్‌కు కట్టుకునే ఉండాలి. గుడ్డ సరిచేయబోయి జారిపడే ప్రమాదం ఎక్కడంలో కన్నా ఇక్కడే ఎక్కువ.

కింద పట్టా పరిచి దాని మీద తాడు పోయండి. శీతాకాలంలో ఈ నేలంతా ఎండిన పల్లేరు కాయలు. ఆ ముల్లు తాడు పైపొరలో గుచ్చుకుంటే చేత్తో నిమిరితే తప్ప తెలియదు, బిలే ఇచ్చేవాడి అరచేతిలో మాత్రం బాగా తెలుస్తుంది. పట్కారు అందుకే. ఎక్కే బూట్లతో నేల మీద నడవకండి. బండ దగ్గరే తొడుక్కుని, అడుగు భాగాన్ని తడి గుడ్డతో తుడిచి, అరచేత్తో కిర్రుమనే దాకా రుద్దండి. గ్రానైట్ వాలు మీద నిలబెట్టేది ఆ రబ్బరు ఒక్కటే, దాని మీద సన్నటి దుమ్ముపొర ఉన్నా కాలు జారుతుంది.

పదిన్నర, పదకొండుకు ఆపేయండి. ఎండలో బండ వేడెక్కితే రబ్బరు మెత్తబడుతుంది, వేళ్ళకు చెమట పడుతుంది, సుద్దపొడి ముద్దగా మారుతుంది. తెల్లవారి పడమటి ముఖాలు, సాయంత్రం నాలుగు తర్వాత తూర్పు ముఖాలు నీడలో ఉంటాయి. ఆ లెక్కన బండ ఎంచుకోవాలి. మధ్యలో చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం చూడొచ్చు. పెనుకొండ తర్వాత ఆరవీటి రాజులు రాజధాని చేసుకున్న చోటు ఇది. బూట్లు, తాడు మాత్రం మూసిన కారులో ఎండకు వదలవద్దు. ఆ వేడికి బూట్ల జిగురు ఊడిపోతుంది.

వేలి చర్మం లేచిపోవడం గ్రానైట్ మీద మామూలే. ఆ రాయిలోని గరుకు గింజలు చర్మాన్ని రోజులోనే పలచన చేస్తాయి. లేచిన తోలును పీకవద్దు. సబ్బునీళ్ళతో కడిగి, గోళ్ళ కత్తెరతో అంచు దాకా శుభ్రంగా కత్తిరించి, అయోడిన్ రాసి ఆరనివ్వాలి. తర్వాత ప్లాస్టర్‌ను అర అంగుళం వెడల్పు చీల్చి, గోరు కింద నుంచి వేలి కొస మీదుగా ఒక పట్టీ, దాని మీద అడ్డంగా రెండు చుట్లు. ముందు చుట్లు వేసి తర్వాత కొస మీద పట్టీ వేస్తే రెండో పట్టుకే ఊడిపోతుంది. రక్తం తిరగకుండా బిగించవద్దు, గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడాలి.

రెండో రోజు: చేతులకు సెలవు

వరుసగా రెండు రోజులు గ్రానైట్ పట్టుకుంటే మూడో రోజుకు వేళ్ళు పనికిరావు. ఈ రోజు తిరుమల వెళ్ళండి. తాళ్ళు, కత్తి, ఇనుప సామాను ఉన్న సంచి గదిలోనే వదిలి వెళ్ళండి, అలిపిరి తనిఖీ దగ్గర ఒక్కొక్కటీ ఏమిటో చెబుతూ నిలబడడం ఎందుకు. ఘాట్ రోడ్డులో కొండ తెగిన చోట కింద గ్రానైట్, దాని మీద అడ్డంగా పేర్చినట్టు క్వార్ట్జైట్ కనబడుతుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఆ రెండు రాళ్ళ వయసుల మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ తేడా ఉంది. మలుపుల్లో బండి ఆపకుండా, కిటికీ పక్క కూర్చుని చూడండి. పైన శిలాతోరణం కూడా ఆ క్వార్ట్జైటే. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఆ కమాను అంచులు చూస్తే, ఆ రాయి గ్రానైట్‌లా గుండ్రంగా అరగదని, పలకలుగా విరిగి పదునుగా మిగులుతుందని తెలుస్తుంది. ఎప్పుడైనా వేరే చోట, అనుమతి ఉన్న క్వార్ట్జైట్ మీద తాడు వేయాల్సి వస్తే అంచు గుడ్డలు రెట్టింపు ఉండాలి, హెల్మెట్ బిలే ఇచ్చేవాడి తల మీద కూడా ఉండాలి.

సాయంత్రం గదిలో పని ఉంది. తాడును చివరి నుంచి చివరి దాకా రెండు చేతుల మధ్య నెమ్మదిగా లాగుతూ తడిమి చూడాలి. మెత్తబడిన చోటు, ఉబ్బిన చోటు, నొక్కుకుపోయిన చోటు ఉందా? ప్రతి అర మీటరుకూ మడిచి చూడండి. మంచి తాడు మడత దగ్గర గుండ్రంగా నిలుస్తుంది. లోపలి దారాలు తెగిన చోట చదునుగా, సందు లేకుండా మడత పడిపోతుంది. అలాంటి చోటు చివర్లో ఉంటే కత్తిరించి, మధ్య గుర్తును మళ్ళీ కొలిచి పెట్టుకోవాలి. పాత మధ్య గుర్తు ఇక తప్పు చెబుతుంది. తాడు నడుమ ఉంటే ఆ తాడు పని అయిపోయినట్టే.

వేళ్ళకు ఆకురాయితో పొక్కుల గట్టి అంచులు నున్నగా రాకి, రాత్రికి కొద్దిగా కొబ్బరినూనె రాయండి. పొద్దున్నే సబ్బుతో కడిగేసుకున్నాకే తాడు ముట్టుకోవాలి.

మూడో రోజు: హార్స్లీ హిల్స్

భాకరాపేట ఘాట్, పీలేరు, మదనపల్లె మీదుగా వెళ్ళాలి, మూడు గంటల పైమాటే. పాత చిత్తూరు జిల్లాలో వేసవి విడిది ఇది. సుమారు 1,265 మీటర్ల ఎత్తు. ఊరివాళ్ళకు ఏనుగు మల్లమ్మ కొండ. కింద ముప్పై డిగ్రీలున్న రోజున కూడా పైన రాత్రి చలి వేస్తుంది, గాలి ఆగదు. సన్నటి గాలి జాకెట్, ఉన్ని టోపీ ఒక్కొక్కరికీ కావాలి. పైకి ఎక్కినవాడు చెమటతో తడిసి ఉంటాడు. కింద బిలే ఇచ్చేవాడు కదలకుండా నిలబడతాడు, చలి ముందు పట్టేది ఇతన్నే. జాకెట్ వాళ్ళ దగ్గర ఉండాలి, గదిలో కాదు.

ఇక్కడా రిజర్వు అడవి ఉంది, కాబట్టి అటవీ సిబ్బందిని అడిగి, చూపించిన చోటే తాడు వేయాలి. గాలిబండ మీద నిలబడితే ఆ పేరెందుకు వచ్చిందో అడగక్కర్లేదు. అలాంటి గాలిలో పైనుంచి అరిచిన మాట కిందికి వినబడదు. అందుకే మెడలో ఈల. ముందే ఒప్పందం చేసుకోండి: ఒక ఊదు అంటే తాడు లాగు, రెండు అంటే వదులు, మూడు అంటే పైన కట్టుకున్నాను, బిలే తీసెయ్యొచ్చు, ఆగకుండా ఊదితే ఆపద. ఏ సంకేతమైనా కింద ఉన్నవాడు తిరిగి ఊదాలి, జవాబు రానిదే పైనున్నవాడు ఏమీ విప్పకూడదు.

కొండ బండల కింద పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి, ఒక్కొక్కటి మీటరు వెడల్పు దాకా ఉంటుంది. కట్టే ముందు చిన్న దుర్భిణితో పైకప్పులా పొడుచుకొచ్చిన ప్రతి బండ కిందా చూడండి. నల్లటి చంద్రవంకలా కనబడేది పట్టే. దాని దరిదాపుల్లో తాడు వేయవద్దు, సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టవద్దు. దోమతెర గుడ్డ మీటరున్నర, మడిస్తే పిడికిట్లో పట్టేది, బిలే ఇచ్చేవాడి జేబులో ఉండాలి. ఈగలు లేస్తే కొట్టవద్దు, మిగతావి రెచ్చిపోతాయి. బిలే ఇచ్చేవాడు తెరను హెల్మెట్ మీద వేసుకుని ఎక్కినవాణ్ణి ఆపకుండా దించేయాలి. తాడు విప్పగానే అందరూ ముఖం కప్పుకుని దూరం పరుగెత్తాలి. తాడు, సంచులు తర్వాత చూసుకోవచ్చు. కొండెలు గోటితోనో కార్డుతోనో వెంటనే గీకి తీసేయాలి. ఒంటి నిండా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం కనబడితే సెట్రిజిన్ వేసి చూద్దామని ఆగవద్దు, 108కి ఫోను చేయాలి. ఈగ కుడితే ప్రమాదమని తెలిసినవాళ్ళు డాక్టరు రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ తెచ్చుకునే బయల్దేరాలి.

పాము సంగతి. నెర్రెల్లోకి చూడకుండా చెయ్యి పెట్టవద్దు, ఎండాకు గుట్టల మీద చెప్పుల్లో నడవవద్దు. రక్తపింజర ఆ ఎండాకుల రంగులోనే ఉంటుంది. కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయవద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలినో చేతినో కదలకుండా క్రేప్ బ్యాండేజీతో కర్రకు మామూలుగా కట్టి, కరిచిన టైము కాగితం మీద రాసి, నడిపించకుండా మోసుకుని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తిరుపతి చుట్టుపక్కల అయితే రుయా. మదనపల్లె వైపు ఉన్నప్పుడు అక్కడి ఆసుపత్రి దారి ముందు రోజే చూసి పెట్టుకోవాలి.

108కి ఫోను చేసినప్పుడు బండ పేరు చెబితే ఎవరికీ తెలియదు. దగ్గరి ఊరు, మండలం, రోడ్డు మీద ఏ గుర్తు దగ్గర మనిషి నిలబడి ఉంటాడు, ఈ మూడూ చెప్పాలి. వచ్చిన రోజే ఆ మూడూ ఒక కాగితం మీద రాసి మందుల సంచి మూత లోపల అంటించండి. సిగ్నల్ ఎక్కడ వస్తుందో కూడా రాయండి, బండ కింద చాలాసార్లు రాదు. పవర్ బ్యాంకు ఒకటి చాలు, కాని అది నిండుగా ఉందో లేదో ఒకరు బాధ్యతగా చూడాలి.

నాలుగో రోజు: దిగడం, సర్దడం

పొద్దున ఒకటి రెండు చిన్న బండలు ఎక్కి, ఆ తర్వాత రాపెల్ (తాడు మీద దిగడం) సాధన పెట్టుకుంటే సరిపోతుంది. రాపెల్‌కి అదనపు సామాను నాలుగు: 6 మిల్లీమీటర్ల తాడుతో చేసిన ప్రూసిక్ ఉంగరం, 120 సెంటీమీటర్ల స్లింగ్ ఒకటి, లాక్ క్యారబినర్లు రెండు, వదిలేసి రావడానికి పాత స్లింగ్ ఒకటీ ఇనుప లింకు ఒకటీ. ప్రూసిక్ కొత్తగా కట్టుకోవాలంటే మీటరున్నర తాడు తీసుకుని, రెండు చివరలను డబుల్ ఫిషర్‌మన్ ముడితో కలపాలి. ముడి బయట ప్రతి కొసా కనీసం 5 సెంటీమీటర్లు మిగలాలి. స్లింగ్‌లో తాడును నేరుగా దూర్చి దించుకోవద్దు. తాడు స్లింగ్‌ను రాసుకుంటూ పరుగెత్తితే ఆ రాపిడి వేడికి స్లింగ్ కరిగి తెగుతుంది, డైనీమా అనే పోగుతో చేసిన స్లింగ్ అయితే ఇంకా తొందరగా, అది 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మధ్యలో ఇనుప లింకు ఉండి తీరాలి. అది ఇక్కడే ఉండిపోతుంది, ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

తాడు రెండు చివరలకూ ముడి వేయడం మరవద్దు. 60 మీటర్ల తాడును సగానికి వేస్తే 30 మీటర్లే దిగగలం. పైనుంచి చూస్తే 35 మీటర్ల బండ 30లా కనబడుతుంది. ముడి లేని చివర బిలే పరికరంలోంచి జారిపోవడం ఈ ఆటలో పాత ప్రమాదం, అనుభవం ఉన్నవాళ్ళకూ జరిగేది. ఒకవేళ చివరలు నేలకు తాకాయో లేదో కనబడకపోతే, మొదట దిగేవాడు ప్రూసిక్‌తోనే దిగాలి. ముడి దగ్గర ఆగిపోయినా మళ్ళీ పైకి రావడానికి అదే దారి.

తిరుగు నడకలో నిండు చేతుల చొక్కా తీయవద్దు. ఈ నెలల్లో దూలగొండి కాయలు ఎండి ఉంటాయి. నూగు తగిలితే రుద్దిన కొద్దీ దురద పాకుతుంది. ప్లాస్టర్ ముక్కను చర్మం మీద అంటించి లాగేస్తే నూగు చాలావరకు దానితో వచ్చేస్తుంది, మళ్ళీ కొత్త ముక్కతో ఇంకోసారి, తర్వాతే నీళ్ళు. ముందే కడిగితే పక్కకు పాకుతుంది.

బండ వదిలే ముందు సుద్దపొడి మరకలను నైలాన్ బ్రష్షుతో రుద్ది పోగొట్టండి. ఇనుప బ్రష్షు వాడితే గ్రానైట్ గరుకుదనం పోతుంది, తర్వాత వచ్చేవాళ్ళ కాలు జారుతుంది. ప్లాస్టర్ ముక్కలు, చిక్కీ కాగితాలు ఏరుకోవాలి. వాటర్ క్యాన్ కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్ వస్తుంది.

ఇల్లు చేరాక తాడును బకెట్ గోరువెచ్చని నీళ్ళలో, కొద్దిగా తేలికపాటి సబ్బుతో కడిగి, రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, ఎండ తగలని చోట వదులుగా పరిచి రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. బ్లీచింగ్ వద్దు, డ్రైయర్ వద్దు, మేడ మీది ఎండ అసలే వద్దు. క్యారబినర్ల గేట్లలో ఇసుక ఉంటే పళ్ళ బ్రష్షుతో వేడి నీళ్ళలో కడిగి, గేటు నాలుగైదు సార్లు తెరిచి మూసి, అప్పుడు ఆరబెట్టండి. అంచు గుడ్డ చిరిగిన చోట రెండో మడత వేసి కుట్టించండి. వాడిన ప్లాస్టర్, ఓఆర్‌ఎస్, మాత్రల లెక్క చూసి, అయిపోయినవి ఆ వారంలోనే కొని సంచిలో వేసేయండి.